మా పెరట్లో కాసినవి

బాపట్ల,
ఫిబ్రవరి, ఆదివారం మధ్యాహ్నం

నాన్నగారికి,

మీ కృప వందనాలు చెప్పి రాస్తున్నది.

పెళ్ళయి మూడేళ్ళు దాటింది. మీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. ఫోన్ చేస్తే అమ్మే తీస్తుంది. "మీ నాన్న మిల్లు నుంచి ఇంకా రాలేదమ్మా" అంటుంది. వెనకాల మీ దగ్గు నాకు వినపడుతూనే ఉంటుంది. అమ్మకి అబద్ధమాడటం చేతకాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. పోయిన వారం అమ్మే అంది, "ఉత్తరం రాసి చూడు. కాగితమంటే ఆయనకి మర్యాద, చదవకుండా పారెయ్యరు" అని. ఆ మాట పట్టుకుని రాస్తున్నాను. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి అమ్మాయి నన్ను వింతగా చూసింది.

జశ్వంత్‌ని చేసుకున్నందుకు మీకు కోపం. పెళ్ళి చర్చిలో కాకుండా రిజిస్ట్రారాఫీసులో కావడం ఒకటి, మన పిల్ల అంత భూములున్న వాళ్ళింటికి వెళ్ళడం ఒకటి, ఈ రెండిట్లో మిమ్మల్ని ఏది బాధపెట్టిందో నాకు ఇప్పటికీ తెలీదు. మీరు నోరు తెరిచి ఏమీ అనలేదు. తిట్టి ఉంటే తిట్లకి ఏదో ఒక జవాబు చెప్పుకునేదాన్ని. మీరు ఊరుకున్నారు. ఊరుకున్న మనిషితో ఎవరైనా ఏం వాదిస్తారు?

సరే, ఇప్పుడు రాస్తున్నది వేరే సంగతి. మా ఇంటి వెనక పెరట్లో తోట వేస్తున్నాను. ఈ మాట చదవగానే మీ మొహం ఎలా పెడతారో నాకు తెలుసు. చిన్నప్పుడు మన బోరింగు పక్కన చిక్కుడు గింజ పెడితే అది మొలిచింది. మీరు మిల్లు నుంచి వచ్చి చూసి, ఆ మొలక పీకేసి, నన్ను కూర్చోబెట్టి గోళ్ళ సందుల్లోని మట్టి సబ్బుతో కడిగారు. "ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఇంకొకళ్ళ మట్టిలో వంగాను. నువ్వు వంగొద్దు" అన్నారు. నేను వంగకుండానే చదువుకున్నాను. టీచరునయ్యాను. ఇప్పుడు వంగుతున్నది నా ఇంటి పెరట్లో. అద్దె ఇల్లే, కానీ నా పేరు మీద తీసుకున్నది. ఇందులో ఎవరి పెత్తనమూ లేదు. అందుకని మీరు కోప్పడరని ఆశ.

ఎందుకు మొదలుపెట్టానో కూడా చెప్పాలి. సంక్రాంతి వెళ్ళాక జశ్వంత్ వాళ్ళ ఊరు నుంచి ఒక చిన్న గుడ్డమూట తెచ్చాడు. దుగ్గిరాల దగ్గర వాళ్ళ ఊరు, మీకు తెలిసిందే. మూటలో బీర గింజలు, కాకర గింజలు, బెండ గింజలు విడివిడిగా కాగితాల్లో చుట్టి ఉన్నాయి. "అమ్మ నీకు ఇమ్మంది. పెరట్లో వేసుకోమంది" అన్నాడు. నాన్నగారూ, ఆ ఇంటి నుంచి ఈ మూడేళ్ళలో నాకు వచ్చిన మొదటి వస్తువు అది. మా అత్తగారు బసవమ్మగారు నన్ను ఒక్కసారి కూడా చూడలేదు, నాతో ఫోన్లో మాట్లాడలేదు. అలాంటి మనిషి నా కోసం గింజలు పంపింది. ఆ మూట చేతిలో పట్టుకుని వంటింట్లో చాలాసేపు నిలబడిపోయాను.

ఇక్కడ నేల ఉత్త ఇసుక. నీళ్ళు పోస్తే పోసినవి పోసినట్టే కిందికి దిగిపోతాయి. ఒక ట్రాక్టరు చెరువుమట్టి తోలించి, పాత పశువుల ఎరువు కలిపి మడులు చేశాను. చలి తగ్గింది, పొద్దున్నే మంచు పడటం మానేసింది, ఇదే అదునని ఇంటివాళ్ళు కూడా అన్నారు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. అవి పోస్తే ఆకుల అంచులు మాడిపోతాయట. అందుకని పొద్దున కుళాయి వచ్చినప్పుడు మంచినీళ్ళు డ్రమ్ములో పట్టి, స్కూలుకి వెళ్ళేలోగా మడులకి పోస్తున్నాను. బీరకి పందిరి కావాలి కదా, సరుగుడు కర్రలు తెప్పించాను. జశ్వంత్ ఆదివారం నిలబడి కట్టాడు. తాడు ముళ్ళు వెయ్యడం రాదు పాపం, లెక్కల లెక్చరరు.

మొలకలు వచ్చాక మళ్ళీ రాస్తాను. మీరు జవాబు రాయకపోయినా ఫరవాలేదు. చదివితే చాలు. అమ్మకి చదివి వినిపించండి.

మీ కూతురు,
కృపారాణి


బాపట్ల,
ఏప్రిల్, గుడ్ ఫ్రైడే ముందు రోజు

ప్రియమైన నాన్నగారికి,

నా ఉత్తరం మీరు రెండుసార్లు చదివి దిండు కింద పెట్టుకున్నారని అమ్మ చెప్పింది. జవాబు రాలేదు. నేనూ అడగను.

తోట లేచింది. బెండ మొదటే మొలిచింది. కాకరలో సగం చీమలు పట్టుకుపోయాయి, మళ్ళీ పెట్టాను. బీర మాత్రం చూడాలి మీరు, పందిరెక్కి పూతకొచ్చింది. ఎర్ర పెంకుపురుగులు లేతాకుల్ని జల్లెడ చేస్తే పొద్దున్నే ఆకులు తడిపి బూడిద చల్లి కాపాడుకున్నాను. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా వెనక్కి వెళ్ళి చూసుకుంటున్నాను. పిచ్చి పట్టిందని జశ్వంత్ నవ్వుతాడు.

అసలు వార్త ఇది. ఉగాదికి మమ్మల్ని దుగ్గిరాల రమ్మన్నారు. నేను మొదటిసారి ఆ ఇంట్లో అడుగుపెట్టాను. మామగారు బసవేశ్వరరావుగారు వరండాలో కుర్చీలో కూర్చుని తల ఊపారు. అత్తగారు ఎదురొచ్చి, "బాగున్నావా" అని అడిగింది. భోజనాల దగ్గర అందరికీ స్టీలు కంచాలు పెట్టి నాకు మాత్రం అరిటాకు వేసింది. "మొదటిసారి వచ్చిన మనిషివి, ఆకులో పెడితే గౌరవం" అంది. తలుపు పక్కన నాకు విడిగా పీట వేసింది. నాకు కళ్ళ నీళ్ళు వచ్చినంత పనయింది. మొదటి కోతలో దొరికిన లేత బెండకాయలు గుడ్డసంచిలో పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ సంచి తీసుకోలేదు, అక్కడ పెట్టమంది. నా చేతుల వంక చూసింది. గోళ్ళలో మట్టి పోలేదు. "పని తెలిసిన చేతులు. మా ఇళ్ళల్లో పిల్లలకి రాదు ఈ పని" అంది. నేను దాన్ని మెచ్చుకోలు కింద తీసుకున్నాను. బస్సులో వస్తూ ఆ మాట రెండు మూడుసార్లు గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందో ఆలోచించకుండా పక్కన పెట్టేశాను. మీరైతే పక్కన పెట్టరని నాకు తెలుసు. అందుకే మీకు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

అప్పటి నుంచీ ప్రతి శనివారం జశ్వంత్‌తో ఒక సంచి కూరగాయలు పంపుతున్నాను. తను తెనాలిలో కాలేజీ అయ్యాక అటు నుంచి అటే ఊరెళ్ళి ఆదివారం సాయంత్రానికి వస్తాడు. రాగానే నేను అడిగే మొదటి మాట, వండారా అని. "వండకేం, అమ్మ వేపుడు చేసింది. నాన్న రెండోసారి వడ్డించుకున్నాడు" అంటాడు. పోయిన వారం, "బజారు కాయలకీ ఈ కాయలకీ పోలికే లేదంది అమ్మ" అన్నాడు. ఆ మాటతో నాకు వారమంతా గడిచిపోతుంది. స్కూల్లో స్టాఫ్ రూములో కూడా చెప్పుకున్నాను సిగ్గు లేకుండా.

అమ్మ ప్రతిసారీ ఒక ప్రశ్న అడుగుతుంది. ఆడవాళ్ళతో చెప్పుకునే సంగతి, అయినా అమ్మకి ఇచ్చే జవాబు మీరు పక్కన కూర్చుని వింటూనే ఉంటారు కాబట్టి మీకే రాస్తున్నాను. పిల్లలు వద్దని కాదు నాన్నగారూ. జశ్వంత్ మొదటి నుంచీ ఒకటే మాట చెబుతున్నాడు. "మా అమ్మ మనింటికొచ్చి నీ చేతి అన్నం తిన్న రోజున పిల్లల సంగతి ఆలోచిద్దాం. అంతవరకూ వద్దు. లేకపోతే పుట్టే బిడ్డకి నాయనమ్మ ఇల్లంటూ లేకుండా పోతుంది" అని. నాకు ముప్ఫై మూడు నిండాయి. ఎదురుచూడటం నాకు కొత్త కాదు కానీ, దేనికోసం చూస్తున్నానో కంటికి కనపడేది కాదు ఇన్నాళ్ళూ. ఇప్పుడు కనపడుతోంది. ఆవిడ నేను పండించినవి తింటోంది. ఇవాళ కూర, రేపు అన్నం. ఇంక ఎంతో దూరం లేదు.

అందుకే నీళ్ళు మోస్తున్నాను. అందుకే ఈ మట్టి. మీరు ఇప్పుడైనా అర్థం చేసుకుంటారని,

మీ కృప


బాపట్ల,
మే, వేసవి సెలవుల్లో

నాన్నగారూ,

ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించొద్దు. మీరొక్కరే చదవండి.

సెలవులిచ్చారు కదా, జశ్వంత్ వెళ్ళేదాకా ఆగడమెందుకు, నేనే తీసుకెళ్దామని బుధవారం పొద్దున్నే లేత బీరకాయలు కోసి బయల్దేరాను. తెనాలి దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు, తర్వాత ఆటో. చెప్పకుండా వెళితే సంతోషిస్తారనుకున్నాను. ముందు గేటు గడియ పెట్టి ఉంది. పక్క సందులోంచి గొడ్లసావిడి వైపు వెళ్ళాను.

అక్కడ పున్నయ్య అని ఆ ఇంటి పాలేరు ఉన్నాడు. పెద్దాయన, మీ కంటే రెండు మూడేళ్ళు పెద్దేమో. తొట్టిలో తవుడు కలుపుతున్నాడు. పక్కన నా గుడ్డసంచి. నా పాత చుడీదార్ గుడ్డతో నేను కుట్టిన సంచి నాన్నగారూ, ఇంకెవరిదో అనుకోవడానికి లేదు. అందులోంచి బీరకాయలు తీసి కొడవలితో ముక్కలు కోసి తొట్టిలో వేస్తున్నాడు. పోయిన శనివారం పంపినవి. వడిలిపోయాయి.

"అవి ఎక్కడివి తాతా?" అని అడిగాను.

"చినబాబు తెస్తాడమ్మా శనివారం శనివారం. లేత కాయలు. గేదె ఎగబడి తింటది" అన్నాడు తల ఎత్తకుండా.

"ఇంట్లో వండరా?"

అప్పుడు తలెత్తి చూశాడు. నా చేతిలో అదే గుడ్డతో కుట్టిన రెండో సంచి చూశాడు. కొడవలి కింద పెట్టేశాడు. "నన్నడగమాకమ్మా" అన్నాడు.

మా మాటలు విని అత్తగారు వెనక తలుపు తీసుకుని వచ్చింది. కంగారు పడలేదు. నేను చెప్పేది నమ్మండి, ఆవిడ మొహంలో తప్పు చేసినట్టు ఏమీ లేదు. "ఎండన పడి వచ్చావేంటి? చెప్పి రావచ్చుగా" అంది.

"మొదటి నుంచీ ఇంతేనా అత్తయ్యా?" అని అడిగాను.

"మాకు కొన్ని పట్టింపులు ఉంటాయమ్మా. ఈ వయసులో నేను మార్చుకోలేను. అయినా పారెయ్యలేదుగా, గేదెకేగా పెట్టాం. నీ కష్టం వృథా పోలేదు."

"ఆ గేదె పాలు మీరు తాగుతున్నారుగా?"

ఆవిడ మొహం చిట్లించింది. నేను ఇంకోటి అడిగాను. అడగకుండా వచ్చేసినా బాగుండేది. "తిననప్పుడు నాకు విత్తనాలు ఎందుకు పంపారు?" అన్నాను.

"విత్తనాలా? నేనేం పంపలేదే" అంది. "వాడే గూట్లో డబ్బాలోంచి తీసుకుపోయాడు. పెరట్లో చల్లుకుంటామన్నాడు. తీసుకుపొమ్మన్నాను."

చూశారా నాన్నగారూ. ఆ మూట పట్టుకుని నేను వంటింట్లో నిలబడిపోయానే, ఆ మూట నాకు ఎవరూ పంపలేదు. వేపుడు ఎవరూ చెయ్యలేదు. ఎవరూ రెండోసారి వడ్డించుకోలేదు. బజారు కాయలతో పోలికే లేదన్న మాట ఎవరూ అనలేదు. అన్నీ జశ్వంత్ రైల్లో కూర్చుని అల్లుకుంటూ వచ్చినవే. తిరుగు బస్సులో అరిటాకు కూడా అర్థమయింది. ఆకులో పెడితే కడుక్కునే పని ఉండదు, తీసి అవతల పారెయ్యొచ్చు. నన్ను పీట మీద తలుపు పక్కన ఎందుకు కూర్చోబెట్టారో అర్థమయింది. ఇంత చదువుకున్నాను, పిల్లలకి పాఠాలు చెబుతాను. జశ్వంత్ చెప్పిన కబుర్లు చెబితే మా ఆరో తరగతి పిల్లలు కూడా పట్టేస్తారు. నేను పట్టలేదంటే, పట్టుకోవడం నాకు ఇష్టం లేక.

సాయంత్రం జశ్వంత్ వచ్చాడు. అప్పటికే వాళ్ళమ్మ ఫోన్ చేసి చెప్పినట్టుంది, గుమ్మంలోనే మొదలుపెట్టాడు. "నువ్వు బాధపడతావని చెప్పలేదు కృపా. తోటతో నీకు కాలక్షేపం అవుతుందనుకున్నాను. అమ్మ పెద్దది, ఇవాళ కాకపోతే రేపు..."

"రేపు ఏంటి?" అన్నాను.

మళ్ళీ నేనే అడిగాను, "మీ అమ్మ నా చేతి అన్నం తింటుందని నువ్వెప్పుడైనా నమ్మావా?" అని.

"లేదు" అన్నాడు.

"మరి అదయ్యాకే పిల్లలని ఎందుకు చెప్పావు?"

"పుట్టిన బిడ్డని అమ్మ ముట్టుకోదు కృపా. ఆ పిల్లని కూడా తలుపు పక్కన కూర్చోబెడుతుంది. అది నేను చూడలేను."

"నన్ను కూర్చోబెడితే చూడగలిగావుగా" అన్నాను.

ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. మంచివాడే నాన్నగారూ, ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. నా మీద చెయ్యెత్తలేదు, కసరలేదు. వాళ్ళ నాన్నతోనూ గట్టిగా అనడు. వాళ్ళమ్మతోనూ అనడు. ఆ మంచితనంతోనే మూడేళ్ళు నాకు అబద్ధం వండి పెట్టాడు. తెల్లారి బట్టలు రెండు జతలు తీసుకుని వాళ్ళ ఊరెళ్ళిపోయాడు, "నీ కోపం తగ్గాక వస్తాను" అని.

నేను నిర్ణయం తీసుకున్నాను. పెరట్లోవన్నీ పీకేస్తాను. ఒక్క వేరు కూడా మిగల్చను. రేపల్లె వైపు బదిలీకి పెట్టుకుంటాను. దొరికేదాకా రోజూ రైల్లోనే వచ్చిపోతాను. మీరు చెప్పినట్టు వినకుండా మట్టి ముట్టుకున్నాను, ఆ మట్టి ఏమిచ్చిందో చూశారు కదా. మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. ఇంటికి వస్తే గడప దాటనిస్తారా? మాట్లాడకపోయినా సరే. వెనక గదిలో ఉంటాను.

కృప


బాపట్ల,
జూన్, స్కూళ్ళు తెరవడానికి ముందు

జశ్వంత్,

నీ మెసేజీలన్నీ చదివాను. జవాబు ఫోన్లో రాస్తే నువ్వు మధ్యలో అడ్డం వస్తావు, నేను కరిగిపోతాను. అందుకని కాగితం మీద రాస్తున్నాను. చివరిదాకా చదువు.

నువ్వు వెళ్ళిన వారానికి నేను పెరట్లో పీకడం మొదలుపెట్టాను. బెండ మడి మొత్తం పీకేశాను. కాకర తీగ లాగి గోడవతల పారేశాను. బీర మొదలు దగ్గర కూర్చుని, చెయ్యి వేసి, లాగబోతుంటే పక్క గేటు చప్పుడయింది. చూస్తే మా నాన్న. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. చెప్పకుండా, ఉత్తరం రాయకుండా, రేపల్లె నుంచి తెనాలి వచ్చి రైలు మారి వచ్చారు. మూడేళ్ళలో ఆయన నాతో అన్న మొదటి మాట ఏంటో తెలుసా? "ఆగమ్మా, కాయలున్నాయి దానికి" అన్నారు.

ఆయనే నాలుగు కోశారు. వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుని, "కూర చెయ్యి, ఆకలేస్తోంది" అన్నారు. చేశాను. కంగారులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆయన ఏమీ అనకుండా అంతా తిన్నారు. ఇంకా ఉందా అని అడిగి వేయించుకున్నారు. మా పెరట్లో కాసింది తిని ఇంకా పెట్టమని అడిగిన మొదటి మనిషి మా నాన్న. నువ్వు కల్పించి చెప్పినప్పుడు ఎంత సంతోషించానో, నిజంగా జరిగినప్పుడు అంత ఏడ్చాను.

చెయ్యి కడుక్కుని వచ్చి అప్పుడు చెప్పారు. మన పెళ్ళికి నెల ముందు మా నాన్న ఒక్కరే మీ ఊరొచ్చారటగా. పిల్ల తండ్రిగా ఒకసారి మాట్లాడి వెళ్దామని. మీ నాన్న వరండాలో కుర్చీలో కూర్చుని, ఎవరని అడిగి, చెప్పగానే గొడ్లసావిడి దగ్గర ఉండమన్నారట. అక్కడ ఎండలో నిలబడ్డారు. మీ నాన్న ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారట. లోపలి నుంచి నువ్వు బయటికొచ్చావు, బండి తాళం చేతిలో పట్టుకుని. మా నాన్న నిన్ను ఫొటోలో చూశారు, గుర్తుపట్టారు. నువ్వూ ఆయన్ని గుర్తుపట్టావు. అంతకు ముందే తెనాలి స్టేషన్లో నా పక్కన ఉన్న ఆయన్ని దూరం నుంచి చూశావు కదా. ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయావు. మళ్ళీ బయటికి రాలేదు. ఇంకొంచెంసేపు చూసి, ఎవరూ మాట్లాడకపోతే, మా నాన్న బస్సెక్కి వచ్చేశారు.

ఆ నెలలోనే నువ్వు నాతో ఏమన్నావో గుర్తుందా? "మావాళ్ళు మాట్లాడటానికి సిద్ధమే కృపా, మీ నాన్నే పట్టించుకోవడం లేదు" అన్నావు. నేను నమ్మాను. నమ్మి, మా నాన్న మీద కోపం పెంచుకున్నాను.

"మరి నాకెందుకు చెప్పలేదు నాన్నగారూ?" అని అడిగాను. "అప్పటికే నీ మనసు అటు వెళ్ళిపోయిందమ్మా. చెబితే నేను కులం గురించి కావాలని కల్పించానంటావు. నమ్మితే నీ కాపురం మొదలవకముందే విరిగిపోతుంది. కుర్రాడు చెడ్డవాడని కూడా చెప్పలేను. లోపలికి వెళ్ళిపోయాడు, అంతే. పెళ్ళయ్యాక మారతాడేమోనని చూశాను. నీ గొంతు వింటే చెప్పేస్తానని ఫోన్ ముట్టుకోలేదు" అన్నారు. నేను మూడేళ్ళు కోపం అనుకున్నది కోపం కాదు జశ్వంత్. మన కాపురం కాపాడటానికి ఆయన నోరు మూసుకున్నారు. నువ్వు దాన్ని కూడా వాడుకున్నావు.

నేను రేపల్లె వచ్చేస్తానన్నాను. "ఇల్లు నీదే, ఎప్పుడైనా రా. కానీ ఇది ఎవరి పేరు మీద ఉన్న ఇల్లు?" అన్నారు. నా పేరు మీదేనన్నాను. "ఉద్యోగం ఇక్కడే కదా?" అవునన్నాను. "మరి వెళ్ళాల్సింది నువ్వెందుకవుతావు?" అన్నారు. అంతే, ఇంకేం చెప్పలేదు. సాయంత్రం బండికి వెళ్ళిపోయారు.

ఆయన అడిగింది నిజమే. అందుకని నేను ఎక్కడికీ వెళ్ళడం లేదు. నీ బట్టలు, పుస్తకాలు, ఇస్త్రీపెట్టె అన్నీ రెండు సూట్‌కేసుల్లో సర్ది ఇంటివాళ్ళ వరండాలో పెట్టాను. నేను స్కూల్లో ఉన్న టైములో వచ్చి తీసుకెళ్ళు. శనివారం సంచులు ఇంక ఉండవు. పెరట్లో బీర ఇంకా కాస్తోంది, నేను తింటున్నాను, స్టాఫ్ రూములో ఇస్తున్నాను, మిగిలితే మా అమ్మకి పంపుతున్నాను. పీకేసిన మడులు మళ్ళీ తవ్వాను. తొలకరికి గోంగూర వేస్తాను. గింజలు బాపట్ల బజార్లో నేనే కొనుక్కున్నాను.

పిల్లల సంగతి రాశావు మెసేజీలో, "ఇప్పుడు నువ్వు ఊ అంటే నేను సిద్ధం" అని. ఆ వాక్యం చదివి నేను ఫోన్ బోర్లా పెట్టేశాను. ఎవరిని బుజ్జగించడానికి ఎవరిని కనాలి? నాకు బిడ్డ కావాలి. ఇప్పటికీ కావాలి. కానీ లోపలికి వెళ్ళిపోయే తండ్రి ఆ బిడ్డకి వద్దు. ఆ బిడ్డ ఏదో ఒక రోజు ఎండలో నిలబడుతుంది, నువ్వు తాళం చేతిలో పట్టుకుని చూస్తావు.

విడాకుల మాట నేను ఇవాళ రాయడం లేదు. మంచిదాన్నని కాదు, ఆ మాట అనగానే నువ్వు మీ ఇంట్లో అందరూ జాలిపడే మనిషివైపోతావు. అంత సుళువు చెయ్యను. నీకు ఒక పని చెబుతున్నాను. చేస్తావో లేదో నీ ఇష్టం.

రేపల్లె వెళ్ళు. ఒక్కడివే వెళ్ళు. మా ఇల్లు ఎవరినడిగినా చెబుతారు, చర్చి వెనక సందు. మా నాన్న ఆదివారం ఇంట్లోనే ఉంటారు. క్షమించమని అడగక్కర్లేదు, ఏం చెప్పాలో బట్టీ పట్టుకుని వెళ్ళక్కర్లేదు. నువ్వు గేటు దగ్గర కనపడగానే ఆయన లేచి నిలబడతారు. లోపలికి రమ్మంటారు. కుర్చీ తుడిచి వేస్తారు. మా అమ్మ గ్లాసుతో మంచినీళ్ళు తెస్తుంది, ఎండన పడి వచ్చావా బాబూ అంటుంది. ఒక్క మాట కూడా నిష్టూరంగా అనరు. వాళ్ళకి రాదు.

ఆ కుర్చీలో కూర్చోగలిగితే, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి.

దేవసహాయం గారి అమ్మాయి,
కృపారాణి